పనివాళ్లు దొరకడం లేదంటున్నారు, జీతం చీటీ సంగతి చూశారా?

సంపాదకుల వారికి,
నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో మా విజయవాడ ఆటోనగర్ షెడ్ల మీద వచ్చిన కథనం చదివాను. లేత్ మిషన్ మీద ఇనుము తిప్పి చెక్కే మంచి టర్నర్ దొరకడం లేదని, ఐటీఐ చదివిన కుర్రాళ్లు కూడా షెడ్డు వైపు చూడకుండా బైకుల మీద భోజనం పార్శిళ్లు మోసుకుంటున్నారని, ఒడిశా, బిహార్ నుంచి వచ్చేవాళ్లు లేకపోతే మిషన్లు ఆగిపోతాయని యజమానులు అన్న మాటలు వేశారు. అందులో అబద్ధం లేదు, మా గేటు దగ్గర రోజూ చూస్తున్నదే. కానీ కథనం మొత్తంలో జీతం అన్న మాట రెండుసార్లే కనబడింది. ఆ జీతం ఎలా లెక్క కడతారు, దేన్ని కోస్తారు, ఏ కాగితం మీద రాసిస్తారు అన్నది ఎక్కడా లేదు. ఆ లెక్క కట్టేవాళ్లలో నేనొకణ్ణి కాబట్టి రాస్తున్నాను.

1987లో ఇక్కడి ప్రభుత్వ ఐటీఐలో టర్నర్ ట్రేడు పూర్తి చేశాను. పన్నెండేళ్లు లేత్ మీద నిలబడ్డాను. చేతికి దెబ్బ తగిలాక లేత్ వదిలి, హాజరు, జీతాల లెక్కలు రాసే టైమ్ ఆఫీసులో కూర్చున్నాను. నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యలో బీకాం కట్టి పాసయ్యాను. అప్పటి నుంచి మస్టరు అనే హాజరు పుస్తకం, జీతాల రిజిస్టరు, పీఎఫ్, ఈఎస్ఐ (పనివాళ్ల వైద్య బీమా) కాగితాలు అన్నీ నా బల్ల మీదే. లారీలకు కావలసిన పిన్నులు, బుష్‌లు, యూ బోల్టులు చేసే మధ్యరకం ఫ్యాక్టరీ మాది.

పొద్దున ఎనిమిదింటికి మా గేటులోంచి 64 మంది లోపలికి వస్తారు. ఒకే షెడ్డు, ఒకే సైరన్, ఒకే మంచినీళ్ల డ్రమ్ము. నా దగ్గర మస్టరు పుస్తకాలు మాత్రం నాలుగు. మొదటిదాంట్లో పర్మనెంటువాళ్లు 17 మంది. వీళ్లలో చాలామంది యాభై దాటినవాళ్లు, ఒకరు రిటైరైతే ఆ గీత మీద మళ్లీ పేరు ఎక్కదు. రెండోదాంట్లో మేస్త్రి తెచ్చినవాళ్లు 26 మంది, అంటే కాంట్రాక్టు లేబరు. మూడోదాంట్లో ట్రైనీలు 9 మంది. నాలుగోది అసలు మస్టరు కాదు, పీసు పనివాళ్ల, అంటే చేసిన ఒక్కో వస్తువుకు ఇంత అని కూలి తీసుకునేవాళ్ల నోటు పుస్తకం. అందులో 12 మంది. నేను టైమ్ ఆఫీసులో చేరిన కొత్తల్లో 52 మందిలో 41 మంది మొదటి పుస్తకంలోనే ఉండేవారు. పని పెరిగింది, మనుషులు పెరిగారు, ఆ పుస్తకం మాత్రం పల్చబడింది.

దసరా ఆయుధపూజ రోజు చూస్తే ఇది కళ్లకు కడుతుంది. లేత్‌లకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. ఒక్కో మిషన్ మీద పనిచేసేవాడు తన మిషన్ ముందు తానే కొబ్బరికాయ కొడతాడు. 64 మందీ కొత్త చొక్కాల్లో నిలబడి హారతి కళ్లకద్దుకుంటారు. ఆ తర్వాత నా కిటికీ దగ్గర లైను కడతారు. 17 మందికి బోనస్ కవరు, మిగతావాళ్లకు స్వీటు ప్యాకెట్. ఇరవై మంది పనిచేసే చోట, ఏడాదిలో 30 రోజులైనా పనిచేసి, నెలకు 21,000 లోపు జీతం ఉన్న ప్రతి మనిషికీ కనీసం 8.33 శాతం బోనస్ రావాలని 1965 నాటి బోనస్ చట్టం, తర్వాతి సవరణలతో, చెబుతూ వచ్చింది. మేస్త్రి కింద పనిచేసేవాళ్లు ఇందులోకి రారని ఆ చట్టంలో ఎక్కడా రాయలేదు. ఇరవై ఏళ్లుగా ఆ ప్యాకెట్లు నా చేతులతోనే ఇస్తున్నాను. పోయిన దసరాకు ఒక హెల్పరు ప్యాకెట్ తీసుకుని, పక్కవాడి కవరు వంక చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం కొండ మీదికి అమ్మవారి దర్శనానికి వెళ్లాను, మనసు నిలవలేదు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ నాలుగో పుస్తకం గురించి.

షెడ్డు చివర లేత్ మీద ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు ఉన్నాడు. ఇరవై మూడేళ్లుంటాయి. లారీ కమాన్లకు వేసే పిన్నులు తీస్తాడు. మంచి చెయ్యి, సైజు అంటే సైజే, వెర్నియర్ కొలబద్ద పెట్టి చూడక్కర్లేదు. పిన్నుకు 6 రూపాయలు. అన్నీ సవ్యంగా నడిస్తే రోజుకు 105 దాకా తీస్తాడు, 630 రూపాయలు పడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. ఫిబ్రవరిలో ఒక రోజు వాడి నోటు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ రోజు డ్రాయింగ్ మారింది, గ్రీజు రంధ్రం దగ్గర కొలత వేరు. మిషన్‌ను కొత్త కొలతకు సర్దే సెట్టింగ్‌కే గంటా ఇరవై నిమిషాలు పట్టింది. రాడ్లు స్టోరు నుంచి పదకొండుకు గానీ రాలేదు. మధ్యాహ్నం కరెంటు నలభై నిమిషాలు పోయింది. వచ్చిన రాడ్లలో కొన్నిచోట్ల ఇనుము గట్టిపడి ఉంది, టూల్ అక్కడికి రాగానే దాని మొన, అంటే కార్బైడ్ టిప్, విరిగింది, ఆ దెబ్బకు కొన్ని పిన్నుల సైజు పోయింది. మొత్తం 71 తీస్తే 62 పాసయ్యాయి, 9 రిజెక్ట్. 62ను ఆరుతో గుణిస్తే 372. విరిగిన టిప్ కింద 90 కటింగ్. చేతికి పడింది 282 రూపాయలు.

ఎనిమిది గంటలు గేటు లోపలే ఉన్నాడు. ఆలస్యంగా వచ్చిన రాడ్డు వాడు తెచ్చుకున్నది కాదు, కరెంటు వాడు తీసింది కాదు, ఇనుములో గట్టితనం వాడు పెట్టింది కాదు. నైపుణ్యం ఉన్న పనివాడికి ప్రభుత్వం ప్రకటించిన కనీస కూలికి 282 చాలా దూరం. ఏడో తారీఖున వాడు నా కిటికీ దగ్గరకు వచ్చి తన పుస్తకం తెరిచి, ఆ రోజు మీద వేలు పెట్టి, “సార్, ఇది ఎందుకు తక్కువ?” అని అడిగాడు. వచ్చీరాని తెలుగులో అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ కటింగ్ రాసింది నేనే, రాయమని చెప్పింది నేను కాకపోయినా.

చట్టం ఏం చెబుతుందో నాకు తెలుసు. పీసు రేటు మీద పనిచేసినా, ఆ పనికి ప్రభుత్వం రోజు లెక్కన కనీస వేతనం మాత్రమే నిర్ణయించి ఉంటే, అంతకన్నా తక్కువ ఇవ్వకూడదు. ఈ మాట 1948 కనీస వేతనాల చట్టంలోనే ఉంది, పాత జీతాల చట్టాలను కలిపి చేసిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. రోజు లెక్క కనీస వేతనం ఉన్న మనిషికి తన తప్పు లేకుండా పని ఆగిపోతే ఆ రోజు పూర్తి కూలి ఇవ్వాలన్నదీ రెండింట్లోనూ ఉంది. నష్టం కింద కోయాలంటే అది వాడి నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలాలి, కోసేముందు వాడి మాట వినాలి. ఆ టిప్ విషయంలో వాడి మాట ఎవరూ వినలేదు.

బీకాంలో కాస్ట్ అకౌంటెన్సీ పేపరు చదివేటప్పుడు వేతన పద్ధతుల పాఠం నాకు చాలా ఇష్టంగా ఉండేది. అమెరికాలో హాల్సీ 1891లో చెప్పిన పద్ధతి, గ్లాస్గోలో రోవాన్ 1898లో పెట్టిన పద్ధతి. ఒక పనికి 8 గంటలు పడుతుందని ముందే నిర్ణయిస్తారు. మనిషి 6 గంటల్లో చేస్తే, గంటకు 75 రూపాయల లెక్కన ఆ 6 గంటల కూలి 450 ఎలాగూ ఇస్తారు. హాల్సీ లెక్కలో మిగిల్చిన 2 గంటల్లో సగానికి డబ్బు కలిపి 525 వస్తుంది. రోవాన్ లెక్కలో, 8 గంటల్లో మిగిల్చింది పావు వంతు కాబట్టి 450లో పావు వంతు కలిపి 562 రూపాయల 50 పైసలు. ఏ లెక్క మంచిదన్న వాదన అలా ఉంచండి. రెండింటిలోనూ ఒకటి గమనించాను. పనిచేసిన గంటల కూలికి ఢోకా లేదు, బోనస్ దాని పైన. ఎక్కువ చేస్తే లాభం, తక్కువైతే గంట కూలి ఎక్కడికీ పోదు. ఆ పాఠం చదివింది రాత్రి, తెల్లారి షెడ్డులో చూసేది ఇంకొకటి. మా దగ్గర ఆ ఖాయమైన గంట కూలి లేదు, పీసులే ఉన్నాయి.

రైల్వే వర్క్‌షాపుల్లో చిత్తరంజన్ పద్ధతి అని ఒకటి నడుస్తూ వచ్చింది. చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారంలో 1950లలో మొదలైంది. ఒక్కో పనికి ఎంత టైము పడుతుందో గడియారం పెట్టి కొలుస్తారు, అలసటకు, సెట్టింగ్‌కు, మిషన్ దగ్గర అటూ ఇటూ తిరగడానికి కూడా టైము కలుపుతారు. ఆ టైము జాబ్ కార్డు మీద ఉంటుంది. అంతకన్నా ముందు పూర్తి చేస్తే మిగిలిన గంటలకు డబ్బు. ఆ డబ్బుకు ఒక పరిమితి పెట్టారు, మనిషి ఒళ్లు హూనం చేసుకోకుండా. ఇంకో మంచి విషయం, క్రేన్ నడిపేవాడు, సామాను అందించేవాడు లాంటి వాళ్లకు కూడా ఆ ఇన్సెంటివ్‌లో వాటా ఉంటుంది, ఎందుకంటే వాళ్లు లేకపోతే లేత్ దగ్గరకు రాడ్డే రాదు. మా షెడ్డులో హెల్పరుకు వాటా లేకపోగా, పీసు పనివాడు హెల్పరుకు తన జేబులోంచి టీ డబ్బులిచ్చి రాడ్లు తొందరగా తెప్పించుకుంటాడు.

కంప్యూటర్ ప్రోగ్రాముతో నడిచే సీఎన్‌సీ మిషన్లు వచ్చాక ఇది ఇంకా వింతగా తయారైంది. మా దగ్గర రెండున్నాయి. ఒక బుష్ తయారవడానికి పట్టే సైకిల్ టైము 3 నిమిషాల 20 సెకన్లు. అది ప్రోగ్రాములో ఉన్న టైము, ఆపరేటర్ ఎంత కష్టపడ్డా గంటకు 18కి మించి రావు. వాడి చేతిలో లేని వేగానికి వాడికి పీసు రేటు కడుతున్నాం. మిషన్ అలారం కొట్టి ఆగిపోతే దాన్ని సరిచేసే సెట్టర్ వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చుంటాడు, ఆ టైముకు పైసా రాదు. దీన్ని ఎవరికైనా వివరించి చెప్పబోతే, మొదట వాళ్లకు నమ్మకం కలగదు.

నా చేతి గురించి కూడా చెప్పాలి. 1999లో వేరే షెడ్డులో పీసు పని చేసేవాణ్ణి. ఆ రోజు సాయంత్రానికి 120 బుష్‌లు తీస్తే మరుసటి రోజు పెళ్లికి వెళ్లే ఖర్చు వస్తుందని లెక్క వేసుకున్నాను. లేత్ తిరుగుతుంటే ఇనుప రజను చుట్టలు చుట్టలుగా వచ్చి టూల్‌కు చుట్టుకుంటుంది. తిరిగే స్పిండిల్‌ను ఆపి, కొక్కెంతో లాగి తీయాలి. ఐటీఐలో మాస్టారు మొదటి వారంలోనే నేర్పింది అది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఒక్కోసారికీ అర నిమిషం పోతుంది. అర నిమిషం అంటే డబ్బు. ఆపకుండా చేత్తో లాగాను. ఎడమ చేతి ఉంగరం వేలు పై కణుపు పోయింది. మిషన్ మీద రక్తం, ఇనుమును పట్టి ఉంచే చక్ ఇంకా తిరుగుతూనే ఉంది. పక్క లేత్ ఆయన పరిగెత్తుకొచ్చి స్విచ్ కొట్టాడు. ఈఎస్ఐ కార్డు ఏదీ అని ఆసుపత్రిలో అడిగితే, నా పేరు ఏ రిజిస్టర్లోనూ లేదని అప్పుడు తెలిసింది. నాలుగేళ్లు పనిచేశాను అక్కడ. కుట్లకు, మందులకు మా అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి ముందు నుంచి ఇప్పుడు వెళ్లినా ఆ రోజు గుర్తొస్తుంది. అందుకే ఈ ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసుకు వచ్చాక నేను మొదట అడిగింది పీసు పనివాళ్ల పేర్లు ఈఎస్ఐలో ఎక్కించమని. అది మాత్రం సాధించాను. పనివాడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఒక వేలు ఖరీదుతో పోలిస్తే అది ఏపాటి.

ట్రైనీల గురించి నాలుగు మాటలు. అప్రెంటిస్ అంటే 1961 చట్టం ప్రకారం ఒప్పందం రిజిస్టర్ కావాలి, స్టైపెండ్ ఇవ్వాలి, నేర్పాల్సింది నేర్పి చివర పరీక్ష రాయించాలి. అప్రెంటిస్ పనివాడు కాదు, నేర్చుకునేవాడు. అందుకే పీఎఫ్ లాంటివి అతనికి వర్తించవు. సరే. కానీ మా మూడో పుస్తకంలో ఒక కుర్రాడు మూడో ఏడు కూడా ట్రైనీగానే ఉన్నాడు. ఒప్పందమూ లేదు, పరీక్షా లేదు, సొంతంగా మిల్లింగ్ మిషన్ నడుపుతాడు. కానూరులో వాళ్ల నాన్న ఆటో తోలుతాడు. ఒకసారి నన్ను అడిగాడు, “బాబాయ్, మావాడు ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడా?” అని.

ఆడవాళ్లు ఆరుగురు. అందరూ మేస్త్రి పుస్తకంలోనే. బల్ల దగ్గర నిలబడి పిన్నుల అంచుల మీద మిగిలిన ఇనుప గరుకు ఆకురాయితో తీస్తారు, గేజి పెట్టి చూస్తారు, గ్రీజు రాసి ప్యాక్ చేస్తారు. అదే బల్ల దగ్గర మగ హెల్పరుకు రోజుకు వంద రూపాయలు ఎక్కువ. ఎందుకని అడిగితే బరువులు మోస్తాడంటారు. ఆ బల్ల దగ్గర మోసే బరువేమీ లేదు, పెట్టెలు ట్రాలీ మీద వస్తాయి. ఒకే పనికి ఆడా మగా తేడా చూపకూడదని 1976 నుంచీ చట్టం ఉంది, కొత్త వేతనాల కోడ్ మొదట్లోనే అది మళ్లీ రాశారు.

ఇక ఆ కోడ్‌ల గురించి. వేతనాల కోడ్‌తో కలిపి నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా “మనకేం వర్తించవులే, మనవి చిన్న షెడ్లు” అంటారు. ఇందులో సగం నిజం ఉంది. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అని 1948 ఫ్యాక్టరీల చట్టం అనేది, ఇప్పుడు ఇరవై చేశారు. కాంట్రాక్టు లేబరు నిబంధనలు ఇరవై మందికి వర్తించేవి, ఇప్పుడు యాభైకి పెంచారు. మా మేస్త్రి 26 మంది నిన్నటిదాకా ఆ లెక్కలో ఉన్నారు, నేడు లేరు. ఇది నాకు బాధ కలిగించిన మార్పు, దాచుకోను. కానీ వేతనాల కోడ్‌కు, బోనస్ విషయంలో తప్ప, మనుషుల లెక్క లేదు. ముగ్గురున్న వెల్డింగ్ షెడ్డుకైనా అది వర్తిస్తుంది. కనీస వేతనం, ఏడో తారీఖు లోపు నెల జీతం, పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చడం, ఓవర్‌టైముకు రెట్టింపు, ప్రతి మనిషికీ జీతం చీటీ. మేస్త్రి ఎగ్గొడితే పని చేయించుకున్న కంపెనీ ఇవ్వాలి.

ఓవర్‌టైము సంగతే చూడండి. నెలకు 15,600 వచ్చేవాడికి 26 రోజుల లెక్కన రోజుకు 600, గంటకు 75. రెట్టింపు అంటే 150. మా మొదటి పుస్తకంలో 150 ఇస్తాం. రెండో పుస్తకంలో 75 ఇస్తాం, దాన్ని “సింగిల్ ఓటీ” అంటాం. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు, అందరికీ అలవాటైపోయింది. ఏ చట్టంలోనూ అలాంటి మాట లేదు.

పర్మనెంటువాళ్లకూ ఇందులో ఒక మేలుంది, వాళ్లలో చాలామందికి తెలియదు. 24,000 జీతంలో బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 9,000 మాత్రం చూపించి, మిగతాదంతా రకరకాల అలవెన్సుల పేరుతో రాయడం మామూలే. ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుకు ఇచ్చే గ్రాట్యుటీ ఆ తొమ్మిది వేల మీదే కట్టేవాళ్లం. ఇప్పుడు అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంత జీతంలో కలపాలి, అంటే లెక్క 12,000 మీద. ఇరవై ఏళ్ల సర్వీసుకు 15/26 సూత్రంతో, అంటే నెలకు 26 రోజుల లెక్కన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున వేస్తే 1,03,846 వచ్చేది 1,38,462 అవుతుంది. ముప్పై నాలుగు వేల చిల్లర తేడా. రిటైరయ్యే ఫిట్టరుకు అది ఇంటి పైకప్పు రిపేరు.

యజమానుల మీద కోపంతో రాస్తున్నానని అనుకోవద్దు. మా యజమాని గారు కూడా ఒకప్పుడు లేత్ మీద నిలబడ్డ మనిషే. ఆయనకూ పీసు రేటే. పెద్ద కంపెనీ పిన్నుకు ఇంత అని ఆర్డరిస్తుంది, సరుకు పంపాక డబ్బు మూడు నెలలకు వస్తుంది. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ. అడిగితే తర్వాతి ఆర్డరు రాదన్న టెన్షన్‌తో ఎవరూ అడగరు. పై నుంచి వచ్చే ఆ ఒత్తిడి అంతా దిగి దిగి చివరికి షెడ్డు మూల లేత్ దగ్గర ఆగుతోంది. ఆ కుర్రాడికి మాత్రం కింద తోసేయడానికి ఇంకెవరూ లేరు.

మీ కథనంలో ఒక యజమాని, కుర్రాళ్లు కష్టపడలేక డెలివరీ పనులకు పోతున్నారన్నారు. మా ఇంటి వెనక వీధిలో అలా వెళ్లిన ఫిట్టర్ కుర్రాడు ఉన్నాడు. రాత్రి పదకొండుకు వర్షంలో తడిసి వస్తాడు, కష్టం తక్కువేం కాదు. ఎందుకు వెళ్లావురా అంటే ఫోన్ తీసి చూపించాడు. ఆర్డరు ఇచ్చేసిన వెంటనే దానికి ఎంత పడిందో అందులో కనబడుతుంది. వారం మొత్తం లెక్క వరుసగా ఉంటుంది. “షెడ్డులో ఏడో తారీఖు దాకా నాకెంతో నాకే తెలిసేది కాదు బాబాయ్” అన్నాడు. వాడు చెప్పిన ఈ ఒక్క మాట కోసమే నేను మీకు ఉత్తరం రాయాలనుకున్నాను. ఆ యాప్‌లోనూ రేట్లు తగ్గిస్తారు, అక్కడా పీఎఫ్ లేదు. అయినా తన కష్టానికి లెక్క ఇంత అని కళ్లతో చూసుకునే అవకాశం వాడికి అక్కడ దొరికింది, మేము ఇవ్వలేకపోయాం.

అందుకే ఆటోనగర్ యజమానులను, మేస్త్రీలను నేను పెద్ద కోరికలేమీ కోరడం లేదు. ప్రతి పీసు పనివాడి దగ్గరా రోజూ ఒక జాబ్ కార్డు ఉండాలి. అందులో రేటు ముందే రాసి ఉండాలి, పని మొదలుపెట్టాక మార్చకూడదు. ఎన్ని తీశాడు, ఎన్ని పాసయ్యాయి, ఎన్ని రిజెక్టయ్యాయి, ఎందుకు రిజెక్టయ్యాయి, ఇనుము వల్లా, టూల్ వల్లా, మనిషి వల్లా అన్నది ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టర్ సంతకంతో పడాలి. సెట్టింగ్ టైము, కరెంటు పోయిన టైము, సరుకు కోసం ఎదురుచూసిన టైము కూడా అందులోనే ఉండాలి, ఆ గంటలకు గంట కూలి కట్టాలి. ఇది పాటిస్తే ఆ ఫిబ్రవరి రోజు 282 వచ్చేది కాదు. లెక్క వేసి చూశాను. సెట్టింగ్ గంటా ఇరవై నిమిషాలు, రాడ్ల కోసం దాదాపు గంటన్నర, కరెంటు నలభై నిమిషాలు, కలిపి మూడున్నర గంటలు. గంటకు 75 చొప్పున 262 రూపాయల 50 పైసలు. టిప్ కటింగ్ లేకుండా, పాసైన పిన్నుల 372తో కలిపితే 634 దాటుతుంది. రిజెక్టయిన తొమ్మిదీ వదిలేసినా సరే, తన మామూలు రోజు కూలి తనకు వచ్చేది. ఫ్యాక్టరీకి పోయేది మూడు వందల యాభై.

ఇంకోటి. కనీస వేతనాల్లో డీఏ ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. పీసు రేట్లు మారవు. ఆ పిన్ను రేటు 2017 నుంచీ 6 రూపాయలే. బియ్యం, గ్యాసు, గది అద్దె 2017 దగ్గర ఆగలేదు. డీఏ ఎంత పెరిగితే పీసు రేటు అంత శాతం పెరగాలని ఆటోనగర్‌లో అందరూ ఒక మాట అనుకుంటే, ఏ ఒక్క షెడ్డూ రేటులో వెనకబడదు, పనివాడు పక్క షెడ్డుకు పోడు.

మీ పత్రికకు నా మనవి ఒకటే. ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో డీఏ మారినప్పుడల్లా ఇంజినీరింగ్ పరిశ్రమలో నైపుణ్యం లేనివారికి, కొంత ఉన్నవారికి, పూర్తిగా ఉన్నవారికి రోజుకు ఎంత రావాలో ఒక చిన్న పట్టిక జిల్లా పేజీలో వేయండి. బంగారం ధర, కూరగాయల ధరలు రోజూ వేస్తున్నారు కదా, ఆ పక్కన చోటిస్తే చాలు. మీ పేపరు ఆటోనగర్‌లో ప్రతి టీ కొట్టు మీదా ఉంటుంది. నేను ఆ ముక్క కత్తిరించి నా కిటికీ అద్దానికి లోపలి వైపు అంటిస్తాను, చదవడం రానివాళ్లకు చదివి వినిపిస్తాను. గంజాం కుర్రాడు తెలుగు అంకెలు ఎలాగూ చదవనక్కర్లేదు, మీరు వేసేవి మామూలు అంకెలే.

ఇంకా ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక టైమ్ ఆఫీసు గుమస్తా,
పటమట, విజయవాడ.